మే నెలలో నీళ్లెవరు పోస్తారు?

హాస్టల్ వెనక ఖాళీ స్థలంలో కూరగాయల తోట వేద్దామని మన క్లబ్‌లో మాట నడుస్తోంది కదా. విత్తనాలు నేను తెస్తా, పాదులు మేం చేస్తాం అని చాలామంది ముందుకొచ్చారు. మే నెలలో నీళ్లెవరు పోస్తారో మాత్రం ఎవరూ చెప్పలేదు. పరీక్షలు కాగానే అందరం ఊళ్లకు పోతాం. సరిగ్గా అప్పుడే ఎండ మండిపోతుంది.

జీతం లేకుండా నడిచే తోటకు మట్టి, విత్తనం ఎలాగోలా దొరుకుతాయి. దొరకనిది మనుషుల హాజరే. 1990లలో సోవియట్ యూనియన్ కూలి డీజిల్, ఎరువులు కరువైనప్పుడు హవానా జనం ఖాళీ స్థలాల్లో కూరగాయలు పండించుకున్నారు. వాళ్లది ఆకలి. మనకు మెస్ ఉంది, మానేయడం చాలా సులువు. కాబట్టి పంటనే మన క్యాలెండర్‌కు తగ్గట్టు ఎంచుకోవాలి.

మాది పాకాల. మా వైపు వానలు రెండు విడతలు: జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్యం. రెండింటినీ నమ్మలేం. అందుకే చెనిక్కాయ విత్తేటప్పుడే మధ్య సాళ్లలో అనప, కంది, అలసంద కూడా వేస్తారు. చెనిక్కాయ దాదాపు నాలుగు నెలల్లో చేతికొస్తుంది. అనపకు ఆ తొందర లేదు. నాటు అనప పగటిపొద్దు తగ్గితేనే పూతకొస్తుంది. జూన్‌లో వేసినా, జూలైలో వేసినా కాయ చలికాలంలోనే. పట్టుకుంటే చేతికి జిడ్డూ వాసనా అంటుకునే ఆ కాయల గురించి, పితికిన పప్పు తిన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పైగా వానలు కాస్త వెనకాడినా తట్టుకుంటుంది. పరీక్షల హడావిడిలో మనం రెండు వారాలు అటు పోకపోయినా అలగదు.

దాంతోపాటు తోటకూర చల్లాలి. నెలరోజుల్లోపే కోతకొస్తుంది. మొదటి నెలలో ఏమీ దక్కకపోతే జూనియర్లు రెండోసారి రారు.

ఇక మే. రైతు సాధికార సంస్థ 2016 నుంచి మన రాష్ట్రంలో నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో దీనికి ఓ ఉపాయం ఉంది. ధాన్యాలు, పప్పులు, నూనెగింజలు, ఆకుకూరల విత్తనాలు కలిపి, బీజామృతం, బంకమట్టి, బూడిద పట్టించి ఉండలు చేస్తారు. వానలకు ముందే పొడినేలలో చల్లి, పైన గడ్డీ గాదం కప్పుతారు. తడి తగిలినప్పుడు మొలుస్తాయి. నేల బోడిగా ఎండకుండా ఉంటుంది, తర్వాతి పంటకు పచ్చిరొట్ట దొరుకుతుంది.

ఊరికి పోయేముందు మనం చేయగలిగింది ఇదే. టమాటా, వంకాయ కావాలన్నవాళ్లు సెలవుల్లో ఇక్కడే ఉండే ఇద్దరి పేర్లు ముందుగా ఇవ్వండి.