సరౌండ్ సౌండ్ ముద్రణను వాక్‌ప్రధాన రూపంలోకి మార్చడం: పలమనేరు ప్రాంత మౌఖిక సామగ్రి దృష్ట్యా పరిశీలన

వ్యాససంగ్రహం:
సరౌండ్ పద్ధతిలో సేకరించిన మౌఖిక సామగ్రిని విని రాసుకోవడానికి, ఇతరులకు పంపడానికి మాటకు ఉద్దేశించిన చిన్న ఆడియో ఫైళ్లుగా మార్చవలసివస్తుంది. ఈ మార్పిడిలో ఏది నిలుస్తుందో, ఏది పోతుందో పలమనేరు ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: మాండలికం, ధ్వనిముద్రణ, సరౌండ్ సౌండ్, కోడెక్, పలమనేరు.

1. ఉపోద్ఘాతం:
పలమనేరు చిత్తూరు జిల్లాలో కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు చేరువలో ఉన్న పట్టణం. తెలుగుతోపాటు కన్నడం, తమిళం వినిపించే ఈ ప్రాంతపు వాడుకమాట మాండలిక పరిశోధనకు విలువైన సామగ్రి. చిత్తూరు జిల్లా గ్రామాల్లో ద్రౌపదమ్మ గుడుల వద్ద జరిగే భారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం సాగుతాయి. కథకుని గొంతు, మృదంగం, తాళాలు, శ్రోతల స్పందన నలువైపుల నుంచి వినిపించే ఇటువంటి సందర్భాలకు సరౌండ్ ముద్రణ అనువైనది.

2. పరిమాణం:
5.1 పద్ధతిలో ఆరు ఛానళ్లుంటాయి. ముందువైపు ఎడమ, మధ్య, కుడి. వెనుకవైపు ఎడమ, కుడి. ఆరవది మంద్రధ్వనులకు ప్రత్యేకం. సెకనుకు 48,000 నమూనాలు, నమూనాకు 16 బిట్ల చొప్పున కుదింపు లేకుండా ముద్రిస్తే గంటకు సుమారు 207 కోట్ల బైట్లవుతాయి. అదే గంటను సెకనుకు 24 కిలోబిట్ల ఏకఛానల్ ఓపస్ ఫైలుగా మారిస్తే సుమారు 1.08 కోట్ల బైట్లు చాలు. అంటే పరిమాణం 192వ వంతుకు తగ్గుతుంది.

3. ఛానళ్ల కలయిక:
సినిమాల్లో సంభాషణ ప్రధానంగా మధ్య ఛానల్‌లో ఉంటుంది కనుక దానిని మాత్రమే వేరుచేసినా మాట దక్కుతుంది. క్షేత్రముద్రణకు ఈ సూత్రం వర్తించదు. మైకు వెనుక కూర్చున్న ముసలమ్మ ఇచ్చిన జవాబు వెనుక ఛానల్‌లోనే స్పష్టంగా ఉండవచ్చు. అన్నింటినీ ఒకే స్థాయిలో కలిపితే ధ్వని హద్దుమీరి పగులుతుంది. దూరదూరంగా ఉంచిన మైకులకు ఒకే మాట వేర్వేరు క్షణాల్లో చేరడం వల్ల, కలిపినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు పరస్పరం రద్దవుతాయి. కాబట్టి ముందుగా ప్రతి ఛానల్‌నూ విడిగా విని, మాట స్పష్టంగా ఉన్నవాటినే స్థాయి తగ్గించి కలపాలి. మంద్రధ్వనుల ఛానల్‌ను వదిలివేయవచ్చు.

4. నమూనా రేటు - ఉచ్చారణ:
నమూనా రేటులో సగం పౌనఃపున్యం వరకే ధ్వని నిలుస్తుంది. 8,000 నమూనాల ఫైలులో 4,000 హెర్ట్జ్‌లకు పైనున్నదంతా పోతుంది. సకారపు శక్తి ఎక్కువభాగం ఆ పైనే ఉంటుంది. పాత టెలిఫోనులో స, ఫ ధ్వనులు ఒకేలా వినిపించడానికి కారణమిదే. ‘చెప్పినాడు - సెప్పినాడు’ వంటి భేదాలను గుర్తించే మాండలిక పరిశోధకునికి ఈ నష్టం చిన్నది కాదు. కనీసం 16,000 నమూనాలు ఉంచడం అవసరం.

5. కోడెక్ ఎంపిక:
మొబైల్ ఫోన్ల కోసం రూపొందిన ఏఎంఆర్ తొలి రూపం 8,000 నమూనాలకే పరిమితం. స్పీక్స్ 32,000 వరకు అనుమతిస్తుంది. ఇవి మానవ కంఠనాళపు నమూనాపై ఆధారపడినవి కనుక ఒక్కరి మాటను చక్కగా నిలుపుతాయి. మృదంగం, తాళాలు, కలగలిసిన గొంతులు మసకబారుతాయి. 2012లో ప్రమాణంగా వెలువడిన ఓపస్‌లో మాటకు, సంగీతానికి వేర్వేరు పద్ధతులు కలిసి ఉన్నాయి. అందువల్ల ముఖాముఖి సంభాషణకు 24 కిలోబిట్ల ఓపస్ సరిపోతుంది. హరికథకు అంతకంటే ఎక్కువ బిట్‌రేటు కావాలి.

6. ముగింపు:
మార్చిన ఫైలు నుంచి మూలాన్ని తిరిగి పొందలేము. కనుక ఆరు ఛానళ్ల మూలాన్ని నష్టంలేని ఫ్లాక్ రూపంలో భద్రపరచాలి. ప్రతి నకలునూ ఆ మూలం నుంచే తయారుచేసి, ఏ ఛానళ్లు కలిపారో, ఏ రేటు ఎంచుకున్నారో దానితోపాటు నమోదు చేయాలి. లేకుంటే ఫైలులో పోయిన ధ్వనిని మాండలికంలోనే లేని ధ్వనిగా భావితరం పరిశోధకులు నిర్ధారించే ప్రమాదముంది. అప్పటికి ఆ మాట పలికిన పెద్దలు ఉండకపోవచ్చు.