రైలు దిగితే రేవు, రేవు దాటితే సముద్రం

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకు ఎర్నాకుళం దారిలో వచ్చే ఓ స్టేషన్ పేరు. కొట్టాయం వైపో చెంగన్నూరు వైపో సాగే రైళ్లలో ఏటా వేలాది తెలుగు స్వాములు దాని మీదుగా వెళ్తారు. ప్లాట్‌ఫాం మీద ఓ టీ తాగి మళ్లీ రైలెక్కేస్తారు. అక్కడికి ఆటో దూరంలోనే పడవల రేవు ఉందనీ, పది రూపాయల లోపు టిక్కెట్టుతో సముద్రం అంచుదాకా వెళ్లొచ్చనీ వాళ్లలో చాలామందికి తెలియదు. శబరిమల నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆగే ఓపిక ఉండదు. అందుకే ఆ స్టేషన్ ఉన్న కొచ్చికి విడిగా, తీరిగ్గా, ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లాలి.

వయసు మీదపడిన తల్లిదండ్రులు, చిన్న పిల్లలు, నొప్పులు పెట్టే మోకాళ్లు ఉన్న ఇంట్లో విహారయాత్ర అనగానే మొదట వచ్చే ప్రశ్న, ఎంత నడవాలి అని. కొచ్చి ఆ ప్రశ్నకు మంచి జవాబు చెప్పే ఊరు. ఈ నగరం ఒక్క ముక్కగా లేదు. రైల్వే స్టేషన్లు, దుకాణాలు, ఆసుపత్రులు ఉన్న ఎర్నాకుళం తూర్పు ఒడ్డున ఉంది. పాత రేవు పట్టణాలైన ఫోర్ట్ కొచ్చి, మట్టంచేరి పడమటి ఒడ్డున ఉన్నాయి. మధ్యలో విల్లింగ్డన్ దీవి, ఉత్తరాన వైపిన్ దీవి. వీటన్నిటినీ కలిపేది వేంబనాడ్ సరస్సు నీళ్లు. కాబట్టి ఇక్కడ చూడాల్సిన స్థలాల పట్టీ రాసుకుని, వాటి వెంట కారులో తిరగడం తప్పు పద్ధతి. ఏ రేవు నుంచి ఏ రేవుకు అని లెక్క వేసుకుంటే ఎండ, ట్రాఫిక్, అలసట మూడూ తగ్గుతాయి. ప్రయాణమే చూడదగ్గ దృశ్యం అవుతుంది.

ముందు రైలు సంగతి. సికింద్రాబాద్ నుంచి తిరువనంతపురం వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ గుంటూరు, నెల్లూరు, తిరుపతి మీదుగా సాగి కోయంబత్తూరు దాటి కేరళలోకి ప్రవేశిస్తుంది. విశాఖ, విజయవాడ వైపు వాళ్లకు ధన్‌బాద్ నుంచి అలప్పుళ వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఉంది. చాలామంది దాన్ని ఇప్పటికీ బొకారో ఎక్స్‌ప్రెస్ అనే అంటారు. హైదరాబాద్ నుంచి ప్రయాణం దాదాపు ఒక రోజు పడుతుంది. విమానంలో గంటన్నరలో పోయే దూరానికి అంతసేపా అనిపించవచ్చు. అయితే పాలక్కాడ్ దగ్గర పడమటి కనుమలు ఒక్కసారిగా విడిపోయి, ముప్పై కిలోమీటర్లకు పైగా వెడల్పున్న సందులోంచి రైలు అవతలికి జారుకునే ఘట్టం విమానం కిటికీలోంచి కనబడదు. కోయంబత్తూరు వైపు పొడి నేల, అటు దాటాక కొబ్బరి తోటలు, వరి మళ్లు. రెండు వాతావరణాల సరిహద్దును కళ్లారా చూడటం పిల్లలకు భూగోళ పాఠం కంటే బాగా పట్టుబడుతుంది.

టిక్కెట్ల విషయంలో రెండు మాటలు గుర్తుంచుకోవాలి. 2024 నవంబర్ నుంచి ముందస్తు రిజర్వేషన్ 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటోంది. పాత 120 రోజుల అలవాటుతో ఉన్నవాళ్లు తేదీ సరిచూసుకోవాలి. 60 ఏళ్లు దాటిన మగవాళ్లకు, 45 ఏళ్లు నిండిన ఆడవాళ్లకు కింది బెర్తుల కోటా ఉంది. అయితే ఒకే టిక్కెట్టు మీద కుటుంబం మొత్తాన్ని కలిపేస్తే ఆ కోటా వర్తించకపోవచ్చు. పెద్దవాళ్లిద్దరికీ విడిగా టిక్కెట్టు తీస్తే నయం. నవంబర్ మధ్య నుంచి మకరజ్యోతి దాకా ఈ రైళ్లలో సీటు దొరకడం కష్టం. జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి దాకా రద్దీ తగ్గుతుంది, గాలిలో ఉక్క కూడా అంతగా ఉండదు. జూన్ నుంచి మొదలయ్యే వానలు చూడముచ్చటైనవే గానీ, పెద్దవాళ్లతో పడవలెక్కి దిగడానికి అది అనువైన కాలం కాదు.

ఎర్నాకుళంలో పెద్ద స్టేషన్లు రెండు. ఒకటి ఎర్నాకుళం జంక్షన్, ఊళ్లో దాన్ని సౌత్ అంటారు. రెండోది ఎర్నాకుళం టౌన్, అది నార్త్. శబరి ఎక్స్‌ప్రెస్ ఆగేది నార్త్‌లో. టిక్కెట్టు మీద ఏది ఉందో చూసుకుని హోటల్ వాళ్లకు చెప్పాలి. రెండు స్టేషన్ల దగ్గరా మెట్రో రైలు ఉంది. మొదటి రోజు ఇంకేమీ పెట్టుకోకుండా ఫోర్ట్ కొచ్చిలో బస చేసి నిద్రపోవడం ఉత్తమం. బస ఎర్నాకుళంలో చౌకగా దొరుకుతుందనిపించినా, ఈ యాత్రకు ఫోర్ట్ కొచ్చే సరైన చోటు. పొద్దున్నే లేచి ఇంటి గుమ్మం నుంచి సముద్రం దాకా నడిచి వెళ్లగలగడం పెద్దవాళ్లకు గొప్ప సుఖం.

ఇక పడవలు. ఎర్నాకుళం బోట్ జెట్టీ నుంచి కేరళ ప్రభుత్వ జల రవాణా శాఖ లాంచీలు ఫోర్ట్ కొచ్చికి నడుస్తాయి. 1968లో ఏర్పడిన ఆ శాఖ ప్రధాన కార్యాలయం అలప్పుళలో ఉంది. ఈ లాంచీలు పర్యాటకుల కోసం పుట్టినవి కావు. ఆఫీసులకు, బడికి, చేపల బజారుకు వెళ్లే జనంతో నిండి ఉంటాయి. పర్యాటక బోట్ల వాళ్లు రేవు దగ్గరే పిలిచి వందల రూపాయల టిక్కెట్టు అంటగట్టాలని చూస్తారు. మామూలు లాంచీలో సాయంత్రం నాలుగున్నర, అయిదు మధ్య ఒక్కసారి వెళ్లినవాళ్లకు ఆ ఖర్చు అక్కర్లేదని అర్థమవుతుంది. ఓ పక్క డచ్చివాళ్లు 1744లో కట్టిన బోల్గాట్టీ భవనం, వల్లార్‌పాడం కంటెయినర్ టెర్మినల్ ఎత్తైన క్రేన్లు కనిపిస్తాయి. ఇంకో పక్క విల్లింగ్డన్ దీవి. రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజినీరు 1920, 30లలో ఓడల కోసం కాలువ లోతు చేస్తూ, తవ్విన మట్టినే పోగుపోసి ఈ దీవిని తయారు చేశాడు. సముద్ర ముఖద్వారం దగ్గరపడ్డాక అదృష్టం ఉంటే డాల్ఫిన్ల వీపులు కూడా కనిపిస్తాయి.

2023 ఏప్రిల్‌లో వీటికి కొత్త తోడు వచ్చింది. అదే కొచ్చి వాటర్ మెట్రో. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి, ఎందుకంటే నడవలేనివాళ్లకు ఈ ఊరిని నిజంగా తెరిచింది ఇదే. పాత లాంచీ ఎక్కాలంటే రేవు మెట్టు నుంచి ఊగుతున్న పడవలోకి కాలు చాపాలి. ఆటుపోటుతో నీటి మట్టం మారినప్పుడల్లా ఆ ఎత్తూ మారుతుంది. వాటర్ మెట్రో రేవుల్లో నేల నీటి మీద తేలుతుంది. నీరు పెరిగితే రేవూ పైకి లేస్తుంది, తగ్గితే కిందికి దిగుతుంది. పడవ నేలా రేవు నేలా ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటాయి. చక్రాల కుర్చీ నేరుగా లోపలికి వెళ్తుంది. పడవలు కొచ్చిన్ షిప్‌యార్డ్‌లో తయారయ్యాయి. యుద్ధనౌక విక్రాంత్‌ను కట్టిన కర్మాగారం అదే. బ్యాటరీతో నడుస్తాయి కాబట్టి డీజిల్ వాసన, ఇంజన్ మోత ఉండవు. లోపల ఏసీ. పెద్ద పడవలో వందమందిని మించి ఎక్కనివ్వరు, యాభైమందికి కుర్చీలు. తలుపు దగ్గరి యంత్రం మనుషుల్ని లెక్కపెట్టి గేటు మూసేస్తుంది. పడవ ప్రమాదాల వార్తలు చదివి భయపడే తల్లులకు ఈ ఒక్క సంగతి చెబితే చాలు. ఈ వాటర్ మెట్రో మొదట హైకోర్టు నుంచి వైపిన్‌కు, వైటిల నుంచి కాక్కనాడ్‌కు నడిచింది. 2024లో ఫోర్ట్ కొచ్చికి, 2025లో మట్టంచేరికి రేవులు తెరుచుకున్నాయి. మొదలైనప్పుడు టిక్కెట్లు 20 నుంచి 40 రూపాయల మధ్య పెట్టారు. వారాంతాల్లో ఫోర్ట్ కొచ్చి క్యూ పొడవుగా ఉంటుంది. పొద్దున పెందలాడే వెళ్లాలి.

ఫోర్ట్ కొచ్చి నుంచి వైపిన్‌కు వాహనాలు మోసే రో-రో పడవలు కూడా తిరుగుతాయి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి పంటు ఎక్కినవాళ్లకు అది కొత్తగా అనిపించదు. కార్లు, మోటార్‌సైకిళ్లు, కూరగాయల బుట్టలు, బడి పిల్లలు అందరూ కలిసి కొన్ని నిమిషాల్లో అవతలికి చేరతారు.

ఫోర్ట్ కొచ్చి సముద్రపుటొడ్డు ఈతకు కాదు, నడకకు. సరస్సు నుంచి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క చాలాసార్లు ఇసుక మీద పేరుకుని ఉంటుంది. దాన్ని చూసి మొహం చిట్లించుకునేవాళ్లుంటారు గానీ, ఆ పక్కనే ఉన్న చైనా వలల దగ్గర అరగంట కూర్చుంటే మనసు మారుతుంది. ఒడ్డున పాతిన పొడవాటి దూలాల చివర పెద్ద వల వేలాడుతుంది. ఇవతలి కొసన తాళ్లకు కట్టిన బండరాళ్లు దానికి సమతూకం. అయిదారుగురు కలిసి తాడు లాగితే వల నీళ్లలోంచి లేస్తుంది. పడే చేపలు కొన్నే, కానీ ఆ తూకం లెక్క చూడటానికి ఇంజినీరింగ్ చదివిన కొడుకులు కూడా ఆగిపోతారు. దగ్గర్లోనే సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి ఉంది. 1524లో కొచ్చిలోనే కన్నుమూసిన వాస్కోడిగామాను మొదట అక్కడే పాతిపెట్టారు. తర్వాత ఆయన అవశేషాల్ని పోర్చుగల్ తీసుకెళ్లారు. సమాధి గుర్తు మాత్రం నేల మీద మిగిలింది.

మట్టంచేరికి ఒక పూట చాలు, కానీ వారం చూసుకుని వెళ్లాలి. 1568లో కట్టిన పరదేశి యూదు ప్రార్థనాలయం శనివారం మూసి ఉంటుంది, శుక్రవారం మధ్యాహ్నం తర్వాతా అనుమతి దొరకదు. డచ్ ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు. ఆ ప్యాలెస్ పేరుకే డచ్చివాళ్లది. పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో కట్టి కొచ్చి రాజుకిస్తే, తర్వాత డచ్చివాళ్లు బాగు చేయించారు. లోపలి గోడల మీద రామాయణ కథ చిత్రాలుగా ఉంది. మన తోలుబొమ్మలాటల్లో, లేపాక్షి పైకప్పు మీద రాముణ్ణి చూసిన కంటికి ఇక్కడి నిండైన రంగులు, కిక్కిరిసిన కూర్పు వేరుగా తోస్తాయి. ప్రార్థనాలయంలో నేల పలకలు చైనా నుంచి వచ్చినవి, చేత్తో నీలం రంగు వేసినవి. ఈ రెండు భవనాల మధ్య నడక కొద్ది నిమిషాలే. ఆ సందులో మిరియాలు, యాలకులు, శొంఠి వాసన ఇప్పటికీ వస్తుంది.

ఈత, ఇసుక, అలలు కావాలంటే వైపిన్ దీవిలో చెరాయి. నగరం నుంచి పాతిక కిలోమీటర్ల దూరం, హైకోర్టు కూడలి నుంచి బస్సులున్నాయి. 2004లో గోశ్రీ వంతెనలు తెరిచాక అటు వెళ్లడం తేలికైంది. చెరాయి దగ్గర దీవి సన్నబడి రోడ్డుకు ఓ పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పునీటి కయ్యలు ఉంటాయి. పిల్లలు అలల్లో ఆడుతుంటే, పెద్దవాళ్లు ఇటు తిరిగి కొంగల్ని చూస్తూ కూర్చోవచ్చు. లైఫ్‌గార్డులు ఉన్న వైపే నీళ్లలోకి దిగాలి.

తిండి గురించి బెంగ అక్కర్లేదు. పుట్టు కడల, అప్పం కూరగాయల స్టూ శాకాహారులకూ సరిపోతాయి. చేపలు తినేవాళ్లు కరిమీన్‌ను అరటాకులో చుట్టి వేయించిన పొళ్లిచ్చత్తు అడగాలి. లావు బియ్యం ఒంటికి పడనివాళ్లు భోజనం అడిగేటప్పుడు పచ్చరి అని చెబితే తెల్లన్నం పెడతారు.

సెలవు ఇంకో రెండు రోజులుంటే అలప్పుళ, మన పాత అలవాటులో అలెప్పీ. ఎర్నాకుళం నుంచి తీర రైలు మార్గంలో 57 కిలోమీటర్లు. అక్కడ స్టేషన్ దిగితే సముద్రం దగ్గరే. ఇసుకలోంచి నీళ్లలోకి సాగిన పాత ఓడరేవు వంతెన ఇనుప స్తంభాలు, ఆ పక్క 1862 నాటి లైట్‌హౌస్ చూడొచ్చు. ఊరి మధ్య బోట్ జెట్టీ నుంచి ప్రభుత్వ బోటు కొట్టాయం దాకా వెళ్తుంది. దాదాపు రెండున్నర గంటలు. హౌస్‌బోటు ఒక రాత్రికి వేలల్లో అడిగే దారి ఇది. ప్రభుత్వ బోటులో కొద్ది పదుల రూపాయలే. సముద్ర మట్టం కంటే పల్లంలో వరి పండించే కుట్టనాడ్ పొలాలు రెండు పక్కలా ఉంటాయి. కాలువలో పడవ నీళ్లతో సమానంగా సాగుతుంటే పొలం అంతకంటే కిందికి ఉండటం కోనసీమ రైతుకు కూడా వింతే.

ఈ బోటుతో తిరుగు ప్రయాణం కూడా కుదురుతుంది. శబరి ఎక్స్‌ప్రెస్ కొట్టాయంలో ఆగుతుంది కాబట్టి ఎర్నాకుళం వెనక్కి రానక్కర్లేదు. సికింద్రాబాద్ వైపు రైలు కొట్టాయం దాటేది ఉదయం పూట. అందుకే ముందురోజు మధ్యాహ్నం బోటులో వెళ్లి ఆ రాత్రి కొట్టాయంలో పడుకోవాలి. కాలువ మీది వంతెన పనులున్నప్పుడు బోటు కొట్టాయం కొడిమత రేవుదాకా రాకుండా ముందే కాంజీరం దగ్గర ఆగిపోతుంది. బయల్దేరే ముందు అలప్పుళ జెట్టీ కౌంటర్లో అడిగి తెలుసుకుంటే సరి. కాంజీరం నుంచి కొట్టాయానికి బస్సో ఆటోనో చూసుకోవాలి. కొడిమతలో దిగితే స్టేషన్ ఆటోలో కొద్ది నిమిషాలే.