మీకు తెలుసా? అన్నపూర్ణ ఎక్కనన్న సర్దార్

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో గుంపు మేస్త్రీ ఎవరో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. అడ్వాన్సులిచ్చి కూలీలను జమచేసి, ఎక్కడో డ్యాములూ కాల్వలూ కట్టే చోటికి తోలుకుపోయేవాడు. హిమాలయ యాత్రల తొలి రోజుల్లోనూ ఇలాంటి మనిషి ఒకరుండేవారు. ఆయన్ను సర్దార్ అనేవారు. మూటలు మోసేవాళ్లను ఎంచుకోవడం, ఎవరి బరువు ఎంతో చూడటం, కూలి తగాదాలు తీర్చడం, దొరకూ కూలీకీ మధ్య మాట నడపడం ఆయన పని. పైగా అవసరమైతే తనూ మూటెత్తుకుని మంచులో నడవాలి.

అలాంటి సర్దార్లలో పేరు మోసినవారు అంగ్ థార్కే. 1907లో నేపాల్‌లోని ఖుండేలో పుట్టారు. అప్పట్లో నేపాల్ విదేశీయులను రానిచ్చేది కాదు. ఎవరెస్టుకు బయల్దేరిన బ్రిటిష్ బృందాలు డార్జిలింగ్‌లో మనుషులను కుదుర్చుకుని టిబెట్ మీదుగా వెళ్లేవి. ఆ పని కోసమే షెర్పా కుర్రాళ్లు కనుమలు దాటి డార్జిలింగ్‌కు వలస వచ్చేవారు. థార్కే కూడా అలా వచ్చినవారే. 1933 ఎవరెస్టు యాత్రలో బరువులు మోశారు. మరుసటి ఏడాది బ్రిటిష్ పర్వతారోహకులు ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్‌లతో కలిసి నందాదేవి చుట్టూ ఉన్న కొండల కోటలోకి దారి కనిపెట్టారు. మెల్లగా సర్దార్ అయ్యారు.

1950లో ఫ్రెంచి బృందం 8,091 మీటర్ల అన్నపూర్ణ ఎక్కబోయింది. శిఖరానికి ముందు చివరి గుడారం దాకా సరుకు చేరవేసింది థార్కే, ఆయన తోటి షెర్పా సార్కీ. బృంద నాయకుడు మోరిస్ ఎర్జోగ్ థార్కేను తమతోపాటు శిఖరానికి రమ్మన్నాడు. అప్పటికి 8,000 మీటర్లు దాటిన ఏ శిఖరాన్నీ ఎవరూ ఎక్కలేదు. థార్కే ఒప్పుకోలేదు. కాళ్లు గడ్డకడుతున్నాయని చెప్పి కిందికి దిగిపోయారు. జూన్ 3న ఎర్జోగ్, లూయీ లాషెనాల్ శిఖరం చేరారు. కానీ ఇద్దరి పాదాలూ మంచుకు దెబ్బతిని కాలివేళ్లు పోయాయి. ఎర్జోగ్‌కు చేతివేళ్లు కూడా పోయాయి. నడవలేని ఆ ఇద్దరినీ వీపుల మీద మోసుకుంటూ కిందికి తెచ్చింది షెర్పాలూ కూలీలే. తన పాదాల మాట విన్న మనిషి మీద నాకు మరింత గౌరవం కలుగుతుంది. శిఖరాలెక్కినవాళ్ల జాబితాల్లో ఆ తెలివికి చోటు లేదు.

ఆయన జీవితకథ 1954లో పారిస్‌లో ఫ్రెంచిలో అచ్చయింది. ఇంగ్లీషులోకి రావడానికి 2016 దాకా పట్టింది!

1935 ఎవరెస్టు యాత్రలో థార్కే పక్కన కొత్తగా మూటెత్తుకున్న ఒక కుర్రాడి పేరు టెన్జింగ్ నార్గే. 1953లో ఆయన ఎవరెస్టు ఎక్కిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ తర్వాతి ఏడాది డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టినప్పుడు కొండ మీద శిక్షణకు తొలి డైరెక్టరు ఆయనే.

భువనగిరి బండ మీద కొండెక్కే పాఠాలు మొదలుపెట్టిన మన గురుకుల పిల్లలు ఆ తర్వాత వెళ్లింది ఆ డార్జిలింగ్ బడికే. వాళ్లలో నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. వాళ్లతో షెర్పాలు ఉన్నారు. అంతకు ఐదు వారాల ముందే, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్లు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది షెర్పాలు. వాళ్లు చేస్తున్నదీ ఆనాటి థార్కే పనే, ఇతరుల యాత్ర కోసం పైకి బరువులు చేరవేయడం.

ఇంతకీ ఈ పిల్లలను ఎవరెస్టు మీదికి పంపాలని పూనుకున్నది ఎవరో తెలుసా? అప్పటి గురుకులాల సంస్థ కార్యదర్శి, ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్. ఆయన పుట్టింది ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఆలంపూర్‌లో.