చిక్కడపల్లి కుర్చీలు

హైదరాబాదులోని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వచ్చేవారిలో చాలామంది అక్కడి పుస్తకాల కోసం రారు. గ్రూప్స్, పోలీసు, ఉపాధ్యాయ నియామక పరీక్షలకు సిద్ధమయ్యే ఆ యువతీయువకులు సొంత పుస్తకాలూ నోట్సూ సంచిలో వేసుకొని, వెలుతురూ ఫ్యానూ నిశ్శబ్దమూ దొరికే ఒక కుర్చీ కోసం వస్తారు. పక్కనే ఉన్న అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రాలకు పేరుపడిన పేట. అద్దె కలిసివస్తుందని ఒకే గదిలో నలుగురు సర్దుకునే చోట పుస్తకం తెరిచి కూర్చోవడం సాధ్యం కాదు.

ఈ స్థితిని గ్రంథాలయ వృత్తిలోని కొందరు దిగజారుడుగా భావిస్తారు. బీరువాల్లోని నవలలూ చరిత్ర గ్రంథాలూ కదలకుండా పడి ఉండగా పఠన మందిరం, అంటే పుస్తకాన్ని ఇంటికి తీసుకుపోకుండా అక్కడే చదువుకునే గది, మాత్రమే నిండిపోవడం వారికి బాధ కలిగిస్తుంది. ఆ బాధ అర్థంలేనిది కాదు గాని, దానికి వృత్తి ధర్మంలో ఆధారం తక్కువ. గణితం బోధిస్తూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో మొదటిది, పుస్తకం ఉన్నది దాచడానికి కాదు, వాడుకోవడానికని చెబుతుంది. ఆ సూత్రాన్ని వివరిస్తూ ఆయన గ్రంథాలయం ఊళ్లో ఎక్కడ ఉండాలి, ఏయే వేళల్లో తెరిచి ఉండాలి, బల్లలూ కుర్చీలూ ఎలా ఉండాలి, సిబ్బంది పాఠకులతో ఎలా మెలగాలి అన్న వాటిని చర్చించారు. కుర్చీ ఆయన లెక్కలో మొదటి సూత్రానికే చెందిన విషయం.

ఈ నగరంలో గ్రంథాలయాలు చోటు సమస్యను తీర్చడం కొత్తేమీ కాదు. నిజాం రాజ్యంలో ఉర్దూ అధికార భాషగా ఉన్న కాలంలో, 1901 సెప్టెంబరు 1న, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు మొదలైనవారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని రావిచెట్టు రంగారావు ఇంట్లోనే ప్రారంభించారు. తెలుగు పుస్తకాలను సేకరించడం దాని పని అయినా, తెలుగువారు ఒకచోట చేరి మాట్లాడుకోవడానికి ఒక గడప దొరకడం అంతకన్న పెద్ద ఫలితం. అంతకు ముందే, 1891లో, సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ చొరవతో పుట్టిన అసఫియా గ్రంథాలయం 1936లో మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లోని భవనంలోకి మారి, 1955 నాటి చట్టంతో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది. ఆ భవనం దర్పం చూడదగినదే, అయితే పాఠకుడికి దర్పంతో పనిలేదు.

ఈ కుర్చీల ఖర్చులో నగరవాసులందరికీ భాగముంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు, అంటే ఒక నిర్ణీత పనికే వాడవలసిన అదనపు పన్ను, వసూలవుతుంది. పురపాలక సంస్థలు దాన్ని పోగుచేసి గ్రంథాలయ సంస్థలకు చెల్లించాలి. ఆ చెల్లింపులు బకాయి పడుతున్నాయన్నది పాత ఫిర్యాదు. గ్రంథాలయం గడప తొక్కని ఇంటి యజమాని కూడా ఏటా ఈ సెస్సు కడుతూనే ఉంటాడు, రశీదు చివరిదాకా చదవడు గనుక ఆ సంగతి అతనికి తెలియదు.

అసలు చిక్కు పరీక్షల పాఠకుడి వల్ల కాదు, చోటు చాలకపోవడం వల్ల వస్తుంది. ఉద్యోగ ప్రకటన వెలువడితే పొద్దున్నే కుర్చీలు నిండిపోయి, దినపత్రిక కోసం వచ్చిన పింఛనుదారూ, బొమ్మల పుస్తకం కోసం వచ్చిన పిల్లలూ నిలబడవలసి వస్తుంది. పరీక్షార్థులకు వేరుగా ఒక హాలు, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఏర్పాటు, దానికి తగినంత సిబ్బంది ఉంటే ఈ రెండు రకాల పాఠకులకూ పోటీ ఉండదు. సెస్సు సొమ్ము సకాలంలో చేరితే వీటిలో మొదట చేపట్టవలసింది సిబ్బంది నియామకమే.