గడియ పెట్టానా?

యాంగోన్ నదికి దక్షిణపు ఒడ్డున దలా, ఎదుటి ఒడ్డున పన్సొడాన్ రేవు. ఫెర్రీలో సుమారు పది నిమిషాలు. ఎండలు ముదిరితే దలాలో చెరువులు అడుగంటుతాయి, తాగునీటికి డబ్బాలు పట్టుకుని వరస కట్టాలి. చీకటితోనే ఆ నీళ్లు మోసి, పిల్లలకు వండిపెట్టి, రోజంతా రోగుల మధ్య నిలబడడానికి నది దాటే ఒక ఆయాను ఊహించుకోండి. పడవ నది మధ్యకు వచ్చాక అనుమానం: తలుపు గడియ పెట్టానా? వార్డులో చెప్పిన పడక నంబరు నాలుగడుగులు వేసేసరికి జారిపోతుంది. మతి పోతోందేమోనని ఆమె హడలిపోతుంది.

ఆ భయం తీరాలనే ఇది రాస్తున్నాను. గడియ పెట్టేటప్పుడు ఆమె ధ్యాస గడియ మీద లేదు. ధ్యాస పెట్టనిది మెదడులో నాటుకోదు. నాటుకోనిది తర్వాత ఎంత వెతికినా దొరకదు.

ఇలా లోపలంతా ఎండిపోయే స్థితికి 1974లో న్యూయార్క్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ బర్నౌట్ అని పేరు పెట్టాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల్లో చేర్చలేదు. తీరని పని ఒత్తిడి ఫలితమంటూ మూడు గుర్తులు చెప్పింది: సత్తువ ఉడిగిపోవడం, పని మీద మనసు విరగడం, చేతకావడం లేదన్న భావన.

నుదుటి వెనకనున్న మెదడు భాగం మనకొక చిన్న పలక లాంటిది. పడక నంబరు, మందు పేరు, తర్వాత చేయాల్సిన పని కాసేపు దాని మీదే నిలుస్తాయి. నోరడ్రినలిన్, డోపమిన్ తగుపాళ్లలో ఉంటే పలక మీది రాత స్పష్టంగా ఉంటుంది. ఒత్తిడి ముదిరి అవి పొంగితే అక్కడి నాడీకణాల మధ్య మాటామంతీ తెగిపోతుందని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎమీ ఆర్న్‌స్టెన్ చూపించారు. అప్పుడు పగ్గాలు భయానికీ అలవాటుకీ పోతాయి. ఆయా చెయ్యి అలవాటుగా గడియ పెట్టే ఉంటుంది, ఆ సంగతి మనసుకు తెలియదంతే. ఇక కొత్త జ్ఞాపకాలను కుదుర్చే హిప్పోకాంపస్ ఒత్తిడి హార్మోన్‌ను పట్టుకుంటుందని 1968లోనే బ్రూస్ మెక్‌యువెన్ ఎలుకల్లో కనిపెట్టాడు; అంటే ఒత్తిడి ప్రభావం జ్ఞాపకాలు కుదిరే చోటికీ చేరుతుంది.

దలా మనవాళ్లకు కొత్త కాదు. ఐరావతి ఫ్లొటిల్లా కంపెనీ ఓడల మరమ్మతు యార్డు అక్కడే ఉండేది. ఆ రోజుల్లో రంగం (నేటి యాంగోన్) పోయిన తెలుగువాళ్లను కోరంగి రేవు పేరుతోనే కొరంగీలు అనేవారు. మేస్త్రీ ఇచ్చిన బయానా అప్పు నెత్తిన పెట్టుకుని రేవుల్లో, బియ్యం మిల్లుల్లో చాకిరీ చేశారు. వాళ్ల ధ్యాసను ఎవరూ కొలవలేదు. డబ్బు కటకట బుర్రను ఏం చేస్తుందో 2013లో అచ్చయిన ఒక పరిశోధన చెబుతుంది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను కోతకు ముందు, తర్వాత పరీక్షించారు. డబ్బుకు కటకటలాడే రోజుల్లో తడబడిన అదే రైతు కోత డబ్బు అందాక మెరుగ్గా ఆలోచించాడు. అది బర్నౌట్ పరీక్ష కాదు గానీ, మనిషిని మందమతి అనేముందు అతని నెత్తిమీద ఏముందో చూడమంటుంది.

పోయిన ధ్యాస తిరిగి వస్తుందా? న్యూయార్క్‌లో పెద్ద పరీక్షకు నెల రోజులు చదివిన 20 మంది వైద్య విద్యార్థులకు ఒక విషయం నుంచి మరోదానికి ధ్యాస మళ్లించడం కష్టమైంది. ఒత్తిడి తగ్గిన మరో నెలకు మామూలైపోయారు. ఏళ్ల తరబడి అలిసిపోయిన వాళ్లకు అంత త్వరగా కుదరదు. ఇలాంటి తీవ్ర అలసటను 2005 నుంచే రోగనిర్ధారణగా గుర్తిస్తున్న స్వీడన్‌లో, కొందరికి మూడేళ్ల తర్వాత కూడా ఏకాగ్రత పూర్తిగా రాలేదు. అందుకే ఆయా విషయంలో తొందరపడాలి. పడక నంబరు చీటీ మీద రాసిస్తే పలక మీద ఒక బరువు తగ్గుతుంది. నీళ్ల వరసలో ఇంకొకరు నిలబడితే ఆమెకు గంటసేపు నిద్ర మిగులుతుంది. పగలు విన్నవి మెదడులో కుదురుకునేది ఎక్కువగా ఆ నిద్రలోనే.