పొడుగు సమాసం: విరుపు ఎక్కడ?

పొడుగు సమాసం రాగానే గొంతు హెచ్చించి ఒక్క గుక్కలో లాగేయడం మన యువకవులలో చాలామందికి అలవాటైపోయింది. చప్పట్లు పడతాయి గానీ అర్థం చెవిన పడదు. దోషం సమాసానిదా, చదివే తీరుదా?

‘సముద్రతీరశ్రమజీవులు’ అన్న మాట తీసుకోండి. మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా వలలు లాగేవాళ్ళని ఏ కవైనా ఇలా అనవచ్చు. రాతలో ‘శ్ర’ ఒకే అక్షరం. చెవికి మాత్రం ‘తీరశ్‌-రమ’ అని వినిపిస్తుంది. శకారం వెనక ఉన్న ‘ర’కు ఆనుకుని దాన్ని గురువు చేస్తుంది. అదే ‘మా ఊరి శ్రమజీవులు’ అన్నామనుకోండి, ‘రి’ లఘువుగానే మిగులుతుంది. సంస్కృత సమాసంలో మాటలు అతుక్కుంటాయి. తెలుగు మాటల మధ్య సందు ఉంటుంది. అందుకే ఛందస్సు రెండింటినీ వేరువేరుగా లెక్కించింది.

డేనిష్ వంటి భాషల్లో సమాసం ఎంత పొడవైనా ప్రధానమైన ఊనిక సాధారణంగా మొదటి మాటమీదే పడుతుంది. వినేవాడికి అదొక ఆనవాలు. తెలుగులో అలాంటి ఊనిక అర్థాన్ని నిర్ణయించదు. మనకున్న ఆనవాలు మాత్రలే.

అతుకు లోపలికి ఇంకిపోయే సమాసాలతోనే అసలు చిక్కు. ‘శ్రామికాధికారం’లో ‘శ్రామిక’ ఎక్కడ ముగిసింది? ‘కా’లోని అచ్చు నడుమ. అక్కడ ఆగడానికి చోటే లేదు. మన లాక్షణికులు ఇది గమనించే, అటువంటి చోట లోపలి అచ్చుతో యతి చెల్లుతుందని స్వరప్రధానవళి చెప్పారు. ‘అధికారం’ కనబడకపోయినా ఉందని ఒప్పుకోవడమే అది. (ఈ వళిని పరీక్షకోసం బట్టీపట్టించి వదిలేస్తున్నాం.)

నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన, 13వ శతాబ్దంలో, భారతంలో 15 పర్వాలు తెలుగు చేశాడు. పాత్రలు మాటామాటా అనుకునేచోట ఆయన సమాసాన్ని కురచ చేసి తెలుగు పలుకుబడిని ముందుకు తెచ్చాడు. పొడుగు సమాసం చేతకాక కాదు.

ఇక చదవడం సంగతి. అర్థం కోసం ‘సముద్రతీర’ దగ్గర పూర్తిగా ఆగితే ‘ర’ లఘువైపోతుంది, నడక కుంటుతుంది. ఆగకుండా పరుగెత్తితే అర్థం పోతుంది. ఆ ‘రశ్‌’ను రెండు మాత్రల నిడివీ నిలిపి, ఊపిరి తీయకుండా ‘రమజీవులు’లోకి దిగాలి. ఆ నిడివిలోనే అతుకు వినిపిస్తుంది.