అందరూ నిద్రపోయాక

పలాసలో ఇచ్ఛాపురం వైపు పోయే పాసింజరు ఎక్కితే కాసేపటికి సుమ్మాదేవి అనే చిన్న స్టేషను వస్తుంది. జీడితోటలకూ, కొబ్బరిచెట్లకూ, పనసచెట్లకూ పేరుపడిన ఉద్దానం ప్రాంతం ఇది. రాత్రి పది దాటేసరికి ఇక్కడి పల్లెలన్నీ సద్దుమణుగుతాయి. మనుషులే కాదు, చెట్లు కూడా నిద్రపోతాయి. నమ్మకం లేకపోతే చింతచెట్టు కిందికి వెళ్ళి టార్చి వేసి చూడండి. పగలు విచ్చుకొని ఉన్న ఆకులు జంటజంటలుగా ముడుచుకొని ఉంటాయి. నిద్రగన్నేరుకు ఆ పేరు వచ్చినదీ ఇందుకే.

అయితే అందరూ నిద్రపోతే లోకం నడవదు గదా! హౌరాకూ చెన్నైకీ మధ్య ఉన్న పెద్ద రైలుదారి సుమ్మాదేవి మీదుగానే పోతుంది. రాత్రంతా దానిమీద బళ్ళు పోతూనే ఉంటాయి. ఇంజను నడిపేవాడు కునుకు తీస్తే ఏమవుతుంది? అందుకని ఇంజనులో ఒక యంత్రం పెట్టారు. ఒక నిమిషంపాటు అతను దేన్నీ కదపకుండా, ఏ మీటా నొక్కకుండా ఉంటే, ఆ యంత్రం మొదట దీపం వెలిగిస్తుంది. తరవాత మోత చేస్తుంది. అప్పటికీ అతను ఏమీ చేయకపోతే తానే బ్రేకు వేసి బండిని ఆపేస్తుంది.

ఇటువంటి యంత్రం లేకుండానే మేలుకొని ఉండవలసినవారు మరికొందరున్నారు. వాళ్ళే రాత్రివేళ రోగుల పక్కన ఉండేవారు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్నో ఇళ్ళను పట్టి పీడిస్తున్నది. ఈ జబ్బుకోసమే 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రీ, పరిశోధన కేంద్రమూ ప్రారంభించారు. ఆసుపత్రిలో అయితే నర్సులు, ఇంట్లో అయితే అమ్మో, అప్పో, అన్నయ్యో రోగి దగ్గర రాత్రి తెల్లవార్లూ ఉంటారు. రోగి గుండెను కనిపెట్టే యంత్రాలున్నాయి గాని, నర్సు కునుకుతున్నదేమో కనిపెట్టే యంత్రం ఆమె పక్కన ఉండదు.

ఎటువంటి రాత్రి మేలుకోవటం కష్టం? గాలీవానా వచ్చిన రాత్రి అంటారేమో. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అటువంటి రాత్రి ఎవరికి నిద్ర వస్తుంది? భయమే మేలుకొలుపుతుంది. నిజానికి కష్టమైనది ఏమీ జరగని రాత్రి. రోగులంతా నిద్రపోతూ ఉంటారు. ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. పిలిచేవారు లేరు, చేయవలసిన పని తొందరేమీ లేదు. గడియారం మూడు కొట్టేసరికి కనురెప్పలు రాళ్ళలాగా బరువెక్కుతాయి.

అది బద్ధకమా? కాదు. మన ఒంట్లోనే ఒక గడియారం ఉన్నది.

ఈ సంగతిని మొదట మొక్కే చెప్పింది. 1729 లో ఫ్రాన్సు దేశంలో దె మైరాన్ అనే శాస్త్రజ్ఞుడు ఆకులు ముడుచుకునే ఒక మొక్కను ఎండ తగలని చీకటిచోట పెట్టాడు. వెలుగు లేకపోయినా ఆ మొక్క పగటివేళ ఆకులు విప్పి, రాత్రివేళ ముడుచుకున్నది! అంటే దానికి పొద్దు ఎవరూ చెప్పనక్కరలేదన్నమాట. 1938 లో అమెరికాలో క్లైట్‌మన్ అనే ఆయన ఒక శిష్యుణ్ణి వెంటబెట్టుకొని, ఎండపొడ సోకని పెద్ద గుహలో 32 రోజులు ఉన్నాడు. ఇరవైనాలుగు గంటలకు బదులు ఇరవైయెనిమిది గంటలను ఒక రోజుగా అలవాటు చేసుకోవాలని వాళ్ళ ప్రయత్నం. శిష్యుడు కొంతవరకు అలవాటుపడ్డాడు గాని, గురువుగారి ఒళ్ళు మాత్రం పాతలెక్కనే పట్టుకొని కూర్చున్నది!

మన గడియారం మెదడులో ఉన్నది. రెండు కళ్ళనుంచి వచ్చే నరాలు ఒకదానినొకటి దాటే చోటికి కొంచెం పైన సుమారు 20,000 కణాల గుంపు ఉన్నది. కంటికి తగిలే వెలుగును బట్టి ఆ గుంపు ఒళ్ళంతటికీ వేళ చెబుతుంది. కణంలో ఈ గడియారం ఎలా నడుస్తుందో, మాగిన అరటిపండు చుట్టూ మూగే చిన్న ఈగలలో పరిశోధించి కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురికి 2017 లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ గడియారం లెక్కన తెల్లవారుజామున ఒంటి వేడి తగ్గుతుంది, చురుకుదనం కూడా తగ్గుతుంది. అప్పుడు ఒక వింత జరుగుతుంది. కళ్ళు తెరిచే ఉంటాయి గాని, మెదడు రెండు మూడు క్షణాలు నిద్రపోతుంది. నిద్రపోయినట్టు ఆ మనిషికే తెలియదు. అందుచేత "నేను నిద్రపోనులే" అనే పట్టుదల ఒక్కటే చాలదు, ఉపాయం కూడా కావాలి.

మొదటి ఉపాయం నడక. 1854 లో యుద్ధంలో గాయపడిన సిపాయిలకు సేవచేయటానికి ఫ్లారెన్సు నైటింగేలు టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి వెళ్ళింది. రాత్రివేళ చేతిలో దీపంతో పడకపడకకూ తిరిగి చూసేది. ఆ దీపం బొమ్మలలో వేసే ప్రమిదవంటిది కాదు, మడతలుగా ముడుచుకునే లాంతరు. ఆ తిరుగుడు రోగికే కాదు, తిరిగేవారికీ మేలుచేస్తుంది. కూర్చున్న మనిషిని నిద్ర పట్టుకున్నంత సులువుగా నడిచే మనిషిని పట్టుకోలేదు.

రెండవది లెక్క. ఊరికే చూస్తూ కూర్చుంటే కళ్ళు మూతపడతాయి, లెక్కపెడితే మనసు మేలుకుంటుంది. పెద్దవాళ్ళు ఊరక పడుకొని ఉన్నప్పుడు నాడి నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. ఊపిరి 12 నుంచి 20 సార్లు తీస్తారు. ఇవి లెక్కపెట్టి కాగితంమీద వేయాలి. సెలైను చుక్కలు కూడా చూడాలి. మీరూ ఈ లెక్క చేయండి: అర లీటరు సీసా ఎనిమిది గంటలలో అయిపోవాలి. గొట్టంలో ఇరవై చుక్కలైతే ఒక మిల్లీలీటరు. నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి? మొత్తం 10,000 చుక్కలు, 480 నిమిషాలు. అంటే నిమిషానికి సుమారు 21 చుక్కలు. చూశారా, నర్సుకు లెక్కలు రాకపోతే కుదరదు!

మూడవది టీ. మెలకువలో ఉన్నకొద్దీ మెదడులో నిద్రపుట్టించే పదార్థం ఒకటి పోగవుతుంది. టీలో, కాఫీలో ఉండే కెఫీను దాని పని సాగనివ్వదు. కాని తాగినదానిలో సగం సుమారు అయిదు గంటల తరవాత కూడా ఒంట్లోనే ఉంటుంది. అందుచేత టీ రాత్రి మొదటి సగంలో తాగితే మంచిది. నాలుగింటికి తాగితే, ఇంటికి వెళ్ళి పడుకుందామన్నప్పుడు అదే అడ్డు తగులుతుంది.

ఇంకొక ఉపాయం జత. ఇద్దరుంటే మాట్లాడుకోవచ్చు, మందు మోతాదు ఇద్దరూ చదివి సరిచూసుకోవచ్చు. అనుమతి ఉన్నచోట ఒకరు కాపలా ఉండగా మరొకరు ఇరవై నిమిషాలు కునుకు తీయవచ్చు. లేచీలేవగానే మత్తు ఉంటుంది గనుక, ముఖం కడుక్కొని కాసేపు ఆగి పనిలో దిగాలి. చేతిపనిగా అల్లిక, దూదిచుట్టటం వంటివి మంచివే. సెల్‌ఫోనుతో మాత్రం జాగ్రత్త! అందులో మునిగిపోతే కళ్ళు మేలుకొనే ఉంటాయి గాని, చెవులు రోగి దగ్గర ఉండవు. అన్నిటికంటె ముఖ్యం ఆ చెవులే. ఊపిరి చప్పుడు మారినా, మూలుగు ఆగినా మొదట తెలియవలసినది వాటికే.

ఇన్ని ఉపాయాలున్నా, అన్నిటినీ మించినది పగటినిద్ర. అది ఆసుపత్రిలో దొరకదు, మన ఇంట్లోనే దొరకాలి. రాత్రి పనిచేసి వచ్చినవారు పొద్దున్నే పడుకుంటే, ఒంటి గడియారం "ఇది పగలు!" అని లేపుతూనే ఉంటుంది. కాబట్టి ఆ నిద్ర పలచగా, తక్కువగా ఉంటుంది. దానికి తోడు పాలవాడి కేక, టీవీ మోత, పిల్లల జగడం! అలా చెడిన నిద్ర మరునాటి రాత్రి మూడుగంటలకు ఎవరో ఒక రోగి పక్కన తిరిగి వచ్చి నిలబడుతుంది.

మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని రాత్రి డ్యూటీ చేసేవారున్నారా? ఉంటే వాళ్ళు పడుకునే గదికి పగలు తెర దించండి. గోలీలాట, బంతాట మరో వీధిలో ఆడుకోండి. "మధ్యాహ్నం దాకా నిద్రేమిటి?" అని ఎవరైనా అంటే, ఈ గడియారం సంగతి వాళ్ళకు చెప్పండి. మీరు చప్పుడు చేయకుండా గడిపిన ఆ నాలుగు గంటలూ ఒక రోగికి మీరు చేసిన సేవే.